మూలవిరాట్టా, ఉత్సవమూర్తా?

తెలుగు ఇళ్లలో కంప్యూటర్ కొనాలన్న నిర్ణయం అయిదు నిమిషాల్లో అయిపోతుంది. ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా అన్న దగ్గరే సంసారాలకు సంసారాలు ఆగిపోతాయి. దీన్ని మామూలు బేరం అనుకునేవాళ్లు ఈ వ్యాసం ఇక్కడే ఆపేయవచ్చు. గుళ్లో మూలవిరాట్టూ ఉంటాడు, ఉత్సవమూర్తీ ఉంటాడు. మొదటాయన పీఠం దిగడు, మనమే ఆయన దగ్గరికి పోవాలి. రెండో ఆయన పల్లకీ ఎక్కి నాలుగు మాడవీధులూ తిరిగొస్తాడు. గుడికి ఇద్దరినీ పోషించే స్తోమత ఉంది కాబట్టి అక్కడ గొడవ లేదు. మధ్యతరగతి ఇంటికి ఒకే విగ్రహం, అదీ ఈఎంఐ మీద. కాబట్టి ఎవరిని ప్రతిష్ఠించాలో ముందు తేలాలి.

ప్రస్తుతం గాలి ఉత్సవమూర్తి వైపే ఉంది. ఇంజనీరింగ్ సీటు రాగానే ల్యాప్‌టాప్ కొనాలన్నది ఎక్కడా రాసి లేని చట్టం. ఎందుకురా అని తండ్రి అడగడు, అడిగినా "ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు నాన్నా" అన్న ఒక్క ముక్కతో కేసు కొట్టేస్తారు. ఎక్కడికి అన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు, కాబట్టి ప్రజాప్రయోజనం దృష్ట్యా నేను అడుగుతున్నాను. ఎక్కడికి? మంచం మీద నుంచి డైనింగ్ టేబుల్ దాకా, టిఫిన్ ప్లేట్లు వచ్చేసరికి అక్కడి నుంచి మళ్లీ మంచం దాకా. ఊరేగింపు మొత్తం ఇంతే. దీనికోసం రెండు కిలోల యంత్రం, ఒక బ్యాగు, బ్యాగులో ఎప్పుడూ అడుగున చిక్కుపడి ఉండే చార్జరు.

రెండేళ్లు తిరిగేసరికి ఆ ఊరేగింపు కూడా ఉండదు. రాత్రీ పగలూ చార్జర్‌కి తగిలించి, నూరు శాతం నింపి, వేడి మీద ఉంచితే లిథియం బ్యాటరీ తొందరగా అరిగిపోతుంది. చాలా ల్యాప్‌టాపుల్లో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సెట్టింగు ఒకటి ఉంటుంది, కానీ దాన్ని మనం ముట్టుకోం, ఎందుకంటే 80 శాతం అంటే మన ఇళ్లలో తక్కువ మార్కులు. చివరికి బ్యాటరీ పది నిమిషాలకు వస్తుంది, ఆ తర్వాత చార్జరు పిన్ను కాస్త కదిలితే చాలు, ప్రాణం పోతుంది. ఇందులో అవమానం ఏమీ లేదు, ఇది వంశాచారం. 1981లో ఆస్‌బోర్న్ 1 అనే కంప్యూటర్ వచ్చింది. దాదాపు 11 కిలోల బరువు, అయిదంగుళాల తెర, లోపల బ్యాటరీయే లేదు, గోడకు ప్లగ్గు పెడితేనే పని చేసేది. దాన్నీ పోర్టబుల్ అనే అమ్మారు, జనం ఎగబడి కొన్నారు కూడా. మన ల్యాప్‌టాపులు మూడో ఏడు రాగానే భక్తిగా ఆ పూర్వీకుడి బాట పడతాయి.

తర్వాత మెడ నొప్పి మొదలవుతుంది. ల్యాప్‌టాప్‌లో తెరా కీబోర్డూ అతుక్కునే పుట్టాయి, చేతులకు అందే ఎత్తులో పెడితే మెడ వంగాలి, కళ్లకు అందే ఎత్తులో పెడితే చేతులు గాల్లోకి లేవాలి. అందుకని స్టాండు కొంటాం. స్టాండు మీద కీబోర్డు అందదు, వేరే కీబోర్డు కొంటాం. టచ్‌ప్యాడ్ అందదు, మౌసు కొంటాం. తెర చిన్నదిగా కనబడుతుంది, 24 అంగుళాల మానిటరు కొంటాం. ఇవన్నీ గుచ్చడానికి పోర్టులు చాలవు, ఒక యూఎస్‌బీ హబ్బు. వేడెక్కుతోందని కింద నీలం లైట్లు వెలిగే కూలింగ్ ప్యాడు, దాని చల్లదనం సంగతేమో గానీ చప్పుడు మాత్రం పక్కింటికి వినిపిస్తుంది. ఒక దశలో ల్యాప్‌టాప్ మూత మూసేసి మానిటరు మీదే పని చేయడం అలవాటవుతుంది. ఆ రోజు దయచేసి కుర్చీలోంచి లేచి, నాలుగడుగులు వెనక్కి వేసి చూడండి. బల్ల, మానిటరు, కీబోర్డు, మౌసు, వైర్ల చిక్కు, వాటి మధ్య ఊరికే కదలకుండా కూర్చున్న డబ్బా ఒకటి. వాయిదాల మీద, ఎక్కువ డబ్బు పోసి, తక్కువ స్పీడుతో మీరు డెస్క్‌టాప్ కట్టుకున్నారు. ఉత్సవమూర్తిని తెచ్చి గర్భగుడిలో కూర్చోబెట్టి తలుపులేశారు.

తక్కువ స్పీడు అన్నానని కోపం తెచ్చుకోకండి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 అని గొప్ప గ్రాఫిక్స్ కార్డు ఉంది కదా. డెస్క్‌టాప్‌లో దానికి 24 జీబీ మెమరీ, 450 వాట్ల కరెంటు. ల్యాప్‌టాప్‌లోనూ 4090 అనే పేరుతోనే దొరుకుతుంది, కానీ 16 జీబీ మెమరీ, డెస్క్‌టాప్‌లో 4080కి వాడిన చిప్పు, కరెంటు డెస్క్‌టాప్ దానికి సగం కూడా ఉండదు. అంత పలచటి డబ్బాలో 450 వాట్లు పోస్తే అది కంప్యూటర్‌గా మిగలదు, ఇండక్షన్ స్టవ్ అవుతుంది, భౌతికశాస్త్రం ఎవరి ఈఎంఐకీ దయ చూపదు. పేరు మార్చకుండా అమ్మిన మార్కెటింగ్ వాళ్లకు మాత్రం చేతులెత్తి నమస్కారం.

అలాగని మూలవిరాట్టు పక్షంవాళ్లు కడిగిన ముత్యాలేం కారు. వాళ్ల మతానికి ఒకటే మంత్రం, "తర్వాత అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు". సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీలో, కొటేషన్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని షాపు షాపుకీ తిరిగే కుర్రాణ్ణి ఆపి అడగండి. "ఇప్పటికి ఈ ప్రాసెసర్ చాలన్నా, రెండేళ్లాగి పెద్దది వేసుకుంటా" అంటాడు. రెండేళ్లాగి వెళ్తే సాకెట్, అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు, మారిపోయి ఉంటుంది. ప్రాసెసర్లు చేసే ఇంటెల్ 2020లో ఎల్‌జీఏ 1200 అనే సాకెట్ అంది, 2021లో 1700 అంది, 2024లో 1851 అంది. కొత్త ప్రాసెసర్ కావాలంటే కొత్త మదర్‌బోర్డు కావాలి, ఆ 1851 బోర్డులో పాత డీడీఆర్4 ర్యామ్ పట్టదు కాబట్టి ర్యామూ కొత్తది కావాలి, ఇంత చేశాక లోపలి భాగాలకు కరెంటిచ్చే పాత ఎస్‌ఎంపీఎస్ డబ్బా చాలదేమోనని షాపువాడికే అనుమానం వస్తుంది. పాతదాంట్లో మిగిలేది క్యాబినెట్, దానిలోని దుమ్ము. పోటీ కంపెనీ ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్ ఏళ్ల తరబడి నిలబడింది, ధర్మానికి ఆ మాట కూడా చెప్పాలి, అయితే దాన్ని కొన్నవాళ్లలోనూ నిజంగా అప్‌గ్రేడ్ చేసినవాణ్ణి మీరు చూపిస్తే శాలువా కప్పుతాను. పోనీ ర్యామ్ ఒక్కటీ పెంచుకుందామంటే, 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పుల మీద పడి ధరల్ని ఆకాశానికి పంపాయి, ఆ పెద్ద బేరాలు చూసుకోవడానికి మైక్రాన్ కంపెనీ తన క్రూషియల్ బ్రాండుతో మామూలు జనానికి అమ్మడమే మానేస్తానని డిసెంబరులో ప్రకటించింది.

యూపీఎస్ గురించి ఎక్కువ మాట్లాడను. కరెంటు పోతుంది, అది కీచుమంటుంది, మీరు సేవ్ చేసి షట్‌డౌన్ చేసేలోపు దాని బ్యాటరీ పోతుంది. మూడో ఏటి నుంచి కీచుమనడం ఒక్కటే దాని ఉద్యోగం.

అయినా నేను డెస్క్‌టాప్ వైపే నిలబడతాను. ఒక కారణం మరమ్మతు. ఆన్ చేస్తే బీప్ కొట్టి తెర రాలేదా, మూత విప్పి, ర్యామ్ పీకి, స్కూలు పిల్లాడి రబ్బరుతో దాని బంగారు పళ్లు రుద్ది మళ్లీ గుచ్చితే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. అయిదు రూపాయల వైద్యం. ల్యాప్‌టాప్‌కి అదే జబ్బు వస్తే, అందులోనూ ర్యామ్ బోర్డుకే అతికించేసిన రకమైతే, మదర్‌బోర్డు పోయిందండీ అని చెప్పి ఒక అంకె వేస్తారు, ఆ అంకె చూశాక కొత్తది కొనడమే నయమనిపిస్తుంది, అలా అనిపించడానికే ఆ అంకె.

రెండో కారణం ఇంకా ముఖ్యం. డెస్క్‌టాప్ ముందు నుంచి లేస్తే మనిషి పని మానేసినట్టే లెక్క. అది ఎక్కడికీ రాదు, ఎవరి వెంటా పడదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు కొన్ని ఐటీ కంపెనీలు ఆఫీసు డెస్క్‌టాపుల్ని డబ్బాల్లో సర్ది ఉద్యోగుల ఇళ్లకు పంపాయి, మూలవిరాట్టులనే ఊరేగించిన కాలం అది. ఆ తర్వాత కంపెనీలకు జ్ఞానోదయమై అందరి చేతికీ ల్యాప్‌టాపులిచ్చాయి. ఇప్పుడు ఏ పెళ్లికైనా వెళ్లండి. జీలకర్ర బెల్లం వేళకి వధువు అన్నగారు స్తంభం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఒక చేత్తో అక్షింతలు, ఇంకో చేత్తో "ఐ విల్ చెక్ అండ్ గెట్ బ్యాక్" అని టైపు చేస్తూ ఉంటాడు. బంధువులు దాన్ని చూసి జాలిపడాల్సింది పోయి, పెద్ద ఉద్యోగంలే అని మురిసిపోతారు. అక్కడికి డెస్క్‌టాప్‌ని తీసుకురమ్మంటే ఏ మేనేజరుకైనా అడగడానికి నోరొచ్చేదా?

డెస్క్‌టాప్ ఇంకా గౌరవంగా బతుకుతున్న చోట్లు లేకపోలేదు. మీసేవ కేంద్రాల్లో ఉంది. పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఫొటో స్టూడియోల్లో ఉంది. శుభలేఖలూ ఫ్లెక్సీలూ చేసే డీటీపీ సెంటర్లలో అయితే తెలుగు అచ్చుకు వాడే అను ఫాంట్లతో సహా అదే పాత సిస్టమ్ చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని కదిపితే ఊళ్లో ముహూర్తాలే ఆగిపోతాయని భయం కాబట్టి విండోస్ అప్‌డేట్ కూడా దాని జోలికి రానివ్వరు. దసరాకి ఆయుధపూజలో మానిటరుకి బొట్టు పెట్టి, క్యాబినెట్‌కి పూలదండ వేసి, హారతిస్తారు. ఆ మర్యాద మూలవిరాట్టుకే చెల్లుతుంది. ల్యాప్‌టాప్‌కి దండ వేసి చూడండి, మూత పడదు.

ప్రభుత్వం ఈ విషయంలో పూర్తిగా నిద్రపోయిందనలేం. 2023 ఆగస్టు 3న కేంద్రం ల్యాప్‌టాపులు, ట్యాబ్లెట్ల దిగుమతికి లైసెన్సు ఉండాలంది, గోల పుట్టేసరికి మర్నాడే ఆ సంగతి నవంబరుకి వాయిదా వేసింది. ఉద్దేశం మంచిదే గానీ పట్టుకోవాల్సింది దిగుమతిదారుణ్ణి కాదు, కొనేవాణ్ణి. కనుక నా ప్రతిపాదన ఇదీ. ల్యాప్‌టాప్ కొనే ప్రతి పౌరుడూ వంద రూపాయల స్టాంపు పేపరు మీద, నోటరీ సంతకంతో, ఏడాదిలో ఆ యంత్రాన్ని ఇంటి గడప దాటించబోయే సందర్భాలను ముందుగానే రాసివ్వాలి. బాల్కనీ గడపగా పరిగణించబడదు. నిజంగా ఊళ్లు తిరిగేవాళ్లు, హాస్టల్లో సగం మంచం మాత్రమే సొంతంగా ఉన్న విద్యార్థులు, ఒకే గదిలో నలుగురు ఉండే కుటుంబాలు సంతోషంగా ల్యాప్‌టాప్ కొనుక్కోవచ్చు, వాళ్ల ఊరేగింపు నిజమైనది. మిగతావాళ్లకు మానిటరు, కీబోర్డు, మౌసు, రబ్బరు ఒకటి ఇచ్చి పంపేయాలి.

ముసాయిదా మీద అభ్యంతరాలు ఉన్నవాళ్లు నెలరోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయవచ్చు. మంచం మీద బోర్లా పడుకుని టైపు చేసినవి స్వీకరించబడవు.