స్వేచ్ఛమ్మకు చింతపండు

న్యూయార్క్ రేవులో 1886 నుంచి నిలబడి ఉన్న స్వేచ్ఛా ప్రతిమను ఇంతవరకూ ఎవరూ తోమలేదు. ఇది మిక్కిలి విచారకరం. మన ఇళ్లలో రాగి చెంబుకు అంత చిలుము పడితే చుట్టాలు మంచినీళ్లు కూడా ముట్టరు. అక్కడికెళ్లిన మనవాళ్లు మాత్రం ఆ చిలుము ముందే నిలబడి సెల్ఫీలు దిగి వస్తున్నారు.

కాబట్టి మా ప్రతిపాదన: చింతపండు. అమ్మగారి ఎత్తు 46 మీటర్లు గనక ముందురోజు రాత్రే నానబెట్టుకోవాలి. చిక్కల్లా ఆవిడ ఒంటి రాగి రేకు మందంతోనే. 2.4 మిల్లీమీటర్లు. రెండు రూపాయి బిళ్లలు దొంతి పెడితే వచ్చేదానికన్నా తక్కువ! పులుపు తగిలితే పచ్చదనం ఊడి, కింద కొత్త రాగి బయటపడుతుంది. దానికి మళ్లీ చిలుము, మళ్లీ తోముడు, ప్రతిసారీ కాస్త రాగి నష్టం. తోమకుండా వదిలేసినందుకు నూరేళ్లలో అరిగింది ఇంచుమించు ఇరవయ్యో వంతే. ఆ చిలుమే కవచమట. శుభ్రతకు ఇంతకన్నా అవమానం లేదు.

పోత విగ్రహం అనుకున్నవాళ్లు నిరాశపడక తప్పదు. ఇది మన ధ్వజస్తంభానికి వేసే తాపడం బాపతే. లోపల మాను బదులు ఇనుప చట్రం, అంతే. శిల్పి బర్తోల్డీ చిన్న నమూనాను అంచెలంచెలుగా పెంచి, అసలు సైజులో ప్లాస్టర్ ముక్కలు చేయించాడు. వాటి ఒంపులకు అతికేలా చెక్క అచ్చులు కట్టి, రాగి రేకును అచ్చులో పరిచి, లోపలి వైపు నుంచి సుత్తులతో కొట్టించాడు. పెంబర్తిలో ఇత్తడి రేకు పని చూసినవాళ్లకు ఆ చప్పుడు కొత్త కాదు. సుమారు 300 రేకులు, 28 టన్నుల రాగి. అదంతా 1885లో పెట్టెల్లో ఓడెక్కింది.

చట్రం ఐఫెల్‌ది. తర్వాత టవర్ కట్టింది ఆయనే. మధ్యలో నాలుగు కాళ్ల ఇనుప స్తంభం, దాని చుట్టూ ఉపచట్రం, దానికి రేకు ఒంపునే ఒంగిన 5 సెంటీమీటర్ల వెడల్పు ఇనుప పట్టీలు. తమాషా ఏమిటంటే రేకును పట్టీకి నేరుగా బిగించలేదు. రేకు వెనక చిన్న చిన్న రాగి కొక్కేలు రివెట్ చేసి, పట్టీని వాటిలోంచి పోనిచ్చారు. ఎండకు రాగి సాగితే పట్టీ మీద జరుగుతుంది. సీటు వదలకుండా ఎటు కావాలంటే అటు జరగడం ఎలాగో రాజకీయాలకన్నా ముందు రాగికే తెలుసు.

అయితే రాగి, ఇనుము, తడి ఒకచోట చేరితే అదొక బ్యాటరీ. అందులో తినబడేది ఇనుము. ఈ సంగతి తెలిసే రెంటి మధ్యా లక్కలో తడిపిన ఆస్బెస్టాస్ పెట్టారు. లక్కను నమ్ముకుంటే ఏమవుతుందో పాండవులను అడిగితే చెప్పేవారు. లక్క పోయింది, ఆస్బెస్టాస్ తడి పీల్చుకుని కూర్చుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి కొక్కెంలో ఇరుక్కుపోయింది, ఇక జరగలేదు, జరగనందుకు రివెట్లను రేకులోంచి పీకేసింది. ఆ బొక్కల్లోంచి మళ్లీ వాన.

తడి చాలదన్నట్టు 1916లో కాగడా రాగిని కత్తిరించి అద్దాలు బిగించారు. వెలుగు బయటికి రావాలని. నీళ్లు లోపలికి వచ్చాయి. అంతకుముందు 1906లో రంగు వేద్దామన్నప్పుడు జనం గోల చేస్తే బయట మానుకున్నారు. లోపల ఎవరు చూడొచ్చారని తారు పూసి, దానిమీద పూత మీద పూత రంగులు వేశారు. తుప్పు కనబడకపోతే తుప్పు లేనట్టే అనే ఈ సిద్ధాంతం మన వంతెనలకు చిరపరిచితం.

1984–86 మధ్య 1,800 పైచిలుకు పట్టీలు మార్చి స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టారు. ఒకేసారి కొన్నిటినే ఊడదీసి, పాతదాని ఒంపు చూసి కొత్తది ఒంచి, వంచినందుకు బిరుసెక్కితే కాల్చి మెత్తబరిచి, తిరిగి బిగించారు. లక్క స్థానంలో టెఫ్లాన్ వచ్చింది. మన దోసె పెనాల మీద ఉండేదే.

లోపలి రంగులను ద్రవ నైట్రోజన్‌తో పెళుసుబార్చి రాల్చారు. తారు మాత్రం కదల్లేదు. ఇసుకతో కొడితే పలచటి రాగి చిల్లులు పడుతుంది. చివరికి దేనితో వదిలించారో తెలుసా? వంటసోడాతో! గొట్టాలతో చిమ్మికొట్టారు. అదికాస్తా రివెట్ సందుల్లోంచి బయటికి కారి, పచ్చటి చీర మీద చారలు పడితే నీళ్లు కొట్టి కడిగారు.

అంటే వంటింట్లోకి వచ్చారు, ఒక్క డబ్బా తేడాతో. పాత కాగడాను మ్యూజియంలో పెట్టారు. కొత్తదాని మంటకు కిటికీల్లేవు, బంగారు తాపడమే. చింతపండు మాత్రం ఇంకా నానుతూనే ఉంది.