గ్యాస్ మాత్ర చాలంటున్న మెసేజ్‌కి నా జవాబు

ఒడిశాలో గుణుపూర్, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్ళ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "కడుపులో మంటకి ఎండోస్కోపీ అక్కర్లేదు, పరగడుపున గ్యాస్ మాత్ర చాలు. పైపు వేస్తే పేగు చిరుగుతుంది, ఒకరి రోగం ఇంకొకరికి అంటుతుంది, అదంతా ఆసుపత్రుల దోపిడీ" అని. ఎండోస్కోపీ అంటే గొంతులోంచి కెమెరా ఉన్న పైపు వేసి కడుపు లోపల చూడడం. మా చిన్నాన్న ఇలాగే రెండేళ్ళు మందులషాపు మాత్రలు మింగాడు కాబట్టి చదివి ఊరుకోలేకపోతున్నాను.

మాత్ర చాలా? మంట ఉన్న ప్రతివాళ్ళకీ పైపు వేయాలని ఏ డాక్టరూ అనడు, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ మింగుడు పడకపోయినా, ఊరికే బరువు తగ్గిపోతున్నా, రక్తం కక్కినా, విరేచనం తారులా నల్లగా అయినా ఇంక మాత్రలతో కాలం గడపకూడదు. యాసిడ్ తగ్గించే మాత్ర వేసుకుంటే కాన్సర్ పుండు కూడా కొన్నాళ్ళు మానినట్టే ఉంటుంది. చిన్నాన్న నల్ల విరేచనం సంగతి పిన్నికి కూడా చెప్పలేదు. చివరికి డాక్టరు కింది కనురెప్ప లాగి చూస్తే లోపల కాగితంలా తెల్లగా ఉంది, అంటే కడుపులో రక్తం కారిపోయి ఒంట్లో రక్తం తగ్గిపోయిందన్నమాట. ఎండోస్కోపీలో పుండు కనిపించింది, అక్కడినుంచి గింజంత ముక్క తీసి పసుపుపచ్చ మందులో వేస్తే గులాబీరంగుకి తిరిగింది, అంటే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే క్రిమి ఉన్నట్టు. దాన్ని కనిపెట్టినందుకే బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకి 2005లో నోబెల్ ఇచ్చారు. రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సుతో పోయిందది.

పేగు చిరగడం చాలా అరుదు. గొంతు నుంచి వేసే ఆ పైపు సుమారు సెంటీమీటరు మందం, మెత్తగా వంగుతుంది. పైగా రక్తం కారుతున్న చోట క్లిప్పు వేసి ఆపేదీ దానితోనే. అంటువ్యాధి భయం మాత్రం కొట్టిపారేయను: వేడికి పైపు పాడవుతుంది కాబట్టి మరిగించరు, లోపలి గొట్టాలు బ్రష్‌తో కడిగి క్రిమిసంహారక మందులో నానబెడతారు. సరిగ్గా చేస్తున్నారా అని అడగండి, అడగడం మన హక్కు.

దోపిడీ అంటారా, మమ్మల్ని పిండేసింది దూరం. ఆరేడు గంటలు ఏమీ తినకుండా ఉండాలి కదా, అందుకని ముందురోజే గుణుపూర్‌లో రైలెక్కి, విశాఖలో రాత్రి ఉండి, పొద్దున్నే లైన్లో నిలబడ్డాం. పైపు లోపల ఉన్నది పది నిమిషాలు కూడా లేదు. ఇద్దరికీ రెండ్రోజుల కూలి పోయింది. అందుకే మా పక్కింటివాళ్ళు నొప్పి ఉన్నా కదలరు, వాళ్ళని తప్పుపట్టలేను. యంత్రం కొని గదిలో పెడితే సరిపోదు, నేర్చిన డాక్టరు, కడిగే మనిషి, పాడైతే బాగుచేసేవాళ్ళు కావాలి. దగ్గర ఆసుపత్రిలో వారానికి ఒక్కరోజైనా ఇవన్నీ దొరకాలని అర్జీ రాస్తున్నాను, సంతకం పెట్టేవాళ్ళు చెప్పండి.