గీత గీసి చెరిపేస్తారా?

వృత్తి జీవితం మొత్తంలో ఏ వ్యోమగామికీ 600 మిల్లీసీవర్ట్‌లకు (శరీరానికి తగిలే రేడియేషన్ మోతాదును కొలిచే యూనిట్) మించి రేడియేషన్ తగలకూడదని నాసా 2022లో ప్రమాణం పెట్టుకుంది. వయసు, ఆడామగా తేడా లేకుండా అందరికీ ఒకే గీత. మంచి నిర్ణయమే. కానీ దాన్ని దాటక తప్పని యాత్రలకు మినహాయింపు పద్ధతి రూపొందించుకోవాలని ప్రభుత్వానికి శాస్త్రీయ సలహాలిచ్చే అమెరికా నేషనల్ అకాడమీస్ కమిటీ 2021లోనే సూచించి ఉంది. మా ఆందోళన దాని గురించే.

క్యూరియాసిటీ రోవర్ అంగారకుడికి వెళ్తూ దారిలో కొలిచిన మోతాదు రోజుకు సుమారు 1.8 మిల్లీసీవర్ట్‌లు. రానూపోనూ ప్రయాణానికే దాదాపు 660 అవుతుంది. అక్కడ నేల మీద గడిపే రోజులు అదనం. అంటే మొదటి యాత్రకే గీత చెరపాలి. ఒకసారి చెరిపాక రెండోసారి ఆపేదెవరు?

నౌకలో రేడియేషన్ అంతటా ఒకేలా ఉండదు. 2022 నవంబరులో మనుషులు లేకుండా వెళ్లిన నాసా నౌక ఆర్టెమిస్-1లో, మనిషి మొండెం ఆకారంలోని హెల్గా, జోహర్ అనే రెండు బొమ్మలను వేల సెన్సర్లతో చంద్రుడి దాకా పంపారు. భూమి చుట్టూ రేడియేషన్ కణాలు దట్టంగా ఉండే వాన్ అలెన్ పట్టీలు దాటేటప్పుడు, ఉన్న చోటును బట్టి మోతాదు నాలుగు రెట్ల దాకా మారింది. నౌక 90 డిగ్రీలు తిరగ్గానే సగానికి తగ్గింది. గోడ ఎక్కడ పలుచన, సామాన్ల సంచులు ఎటు పేర్చారు, మనిషి ఎక్కడ పడుకున్నాడు అన్నవన్నీ కలిపి కంప్యూటర్ మోడల్ లెక్కగడుతుంది. ఊపిరితిత్తులకెంత, ఎముక మజ్జకెంత అన్నది రంగుల్లో విడివిడిగా చూపిస్తుంది. ఇంత వివరంగా చూపగలిగినవాళ్లు వ్యోమగామి ముందు ఒక్క సగటు అంకె పెట్టి సంతకం అడిగితే అది అన్యాయం.

సాహసయాత్రకు ముప్పు తప్పదని, వాళ్లు తెలిసే వెళ్తారని కొందరంటారు. కాదంటే సీటు పోతుందన్న టెన్షన్‌లో పెట్టిన సంతకాన్ని సమ్మతి అనలేం. మన దేశంలో రేడియేషన్ మధ్య పనిచేసే ఉద్యోగికి ఏ ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు. పనికి అడ్డొస్తోందని ఆ హద్దు పెంచితే ఊరుకుంటామా?

శ్రీహరికోట నుంచి గగన్‌యాన్ వెళ్లేది 400 కిలోమీటర్ల ఎత్తుకే. భూమి అయస్కాంత క్షేత్రం చాలావరకు కాపాడుతుంది. 2040కల్లా భారతీయుణ్ని దించుతామంటున్న చంద్రుడి దగ్గర ఆ రక్షణ ఉండదు. 1972 ఆగస్టులో భారీ సౌర తుపాను అపోలో 16, 17 చంద్రయాత్రల మధ్య వచ్చింది కాబట్టి వ్యోమగాములు అదృష్టవశాత్తు తప్పించుకున్నారు. మనం అదృష్టాన్ని నమ్ముకుని మనుషుల్ని పంపలేం.

చంద్రయాత్రకు హద్దు ఎంతో, దాన్ని మార్చే అధికారం ఎవరిదో ఇస్రో ఇప్పుడే రాతపూర్వకంగా ప్రకటించాలి. క్యాబిన్ రేడియేషన్ పటాలను వ్యోమగాములకే కాదు, ప్రజలకూ చూపాలి. ప్రయోగం తేదీ ఖరారు చేసుకుని ఆ తర్వాత అంకె సవరించే సంస్థ, అది నాసా అయినా ఇస్రో అయినా, భద్రత గురించి మాకు పాఠాలు చెప్పొద్దు.