రాబందుల్ని చంపింది సెల్ టవర్ కాదు బాబాయ్

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట టెన్త్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు. నిన్న మా బాబాయ్ పంపాడు. "జాతులు అంతరించడం ప్రకృతి సహజం, ఎందుకీ గగ్గోలు?" అని శీర్షిక, కింద ఐదు పాయింట్లు, చివర మూడు దండాల బొమ్మలు. దండాలకు ప్రతి నమస్కారం. ఇక పాయింట్లు.

"భూమ్మీద పుట్టిన జాతుల్లో 99 శాతం మనిషి రాకముందే పోయాయి." దాదాపు నిజమే. అయితే ఏంటి? మా ముత్తాతలందరూ పోయారు కదా అని, పక్కింటాయన్ని లారీ గుద్దితే సహజ మరణమని రాసుకుంటామా? అవి పోవడానికి కోట్ల ఏళ్లు పట్టింది. ఇప్పటి వేగం మామూలు కంటే వంద నుంచి వెయ్యి రెట్లని అంచనా.

"ఏటా వేల కొత్త జాతులు పుడుతున్నాయి, లెక్క సరిపోతుంది." పుట్టడం లేదు, దొరుకుతున్నాయి. బీరువా వెనకాల పాత వంద నోటు దొరికితే దాన్ని జీతం అనుకోం. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. కొత్త జాతి పుట్టాలంటే ప్రతిసారీ లక్షల ఏళ్లు అక్కర్లేదు. మన పోపులపెట్టెలో ఆవాలే సాక్ష్యం: రెండు వేర్వేరు జాతుల మొక్కలు సంకరమై, రెండింటి క్రోమోజోములూ కలిసి నిలబడిన మొక్క అది. మొక్కల్లో ఇలాంటిది ఒకటి రెండు తరాల్లోనే జరగొచ్చు. జంతువుల్లో జోరు చూడాలంటే ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు. అక్కడ సిక్లిడ్ చేపలు సుమారు 15 వేల ఏళ్లలో ఐదు వందల జాతుల దాకా అయ్యాయి. 1950ల్లో చేపల వ్యాపారం కోసం ఆ సరస్సులో నైల్ పెర్చ్ అనే పెద్ద చేపను వదిలారు. 1980లు ముగిసేసరికి దాదాపు రెండు వందల జాతులు కనిపించకుండా పోయాయి. సరిపోయిందా లెక్క?

"తేనెటీగలు పోతే మనిషికి నాలుగేళ్లే, అన్నాడు ఐన్‌స్టీన్." అన్నట్టు ఎక్కడా ఆధారం లేదు. పదండి.

"కడప అడవిలో కలివికోడి కోసం తెలుగుగంగ కాలువ దారి మార్చారు. ఆ పిట్ట వల్ల ఎవరికి లాభం?" 1900 తర్వాత ఎవరికీ కనబడక, లేదనే అనుకున్న పక్షి 1986లో లంకమల దగ్గర ఐతన్న అనే స్థానికుడి కంటపడింది. లాభమా? నాకు తెలిసి ఎవరికీ లేదు. అది రేపు పోతే మీ కరెంటు పోదు, బియ్యం రేటు పెరగదు. ప్రతి పిట్టకీ ఏదో ఒక ఉపయోగం చూపించాలని, జాతుల్ని కాపాడాలనే మావాళ్లు పడే పాట్లు నాకూ నచ్చవు. అది ఉండాలని నాకు ఉంది, అంతే.

మూడో పాయింటు కావాలనే చివరికి ఉంచాను. "రాబందుల్ని చంపింది సెల్ టవర్ల రేడియేషన్." శీర్షికలో సహజం అన్నారు, ఇక్కడ టవర్ అంటున్నారు. ఏదో ఒకటి తేల్చుకోండి.

మన దేశంలో 1992లో వెయ్యి తెల్లవీపు రాబందులు ఉన్న లెక్కకి 2007లో ఒక్కటి మిగిలింది. పాకిస్తాన్‌లో చచ్చిన పక్షుల్ని కోసి చూస్తే కిడ్నీలు పాడై, లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు యూరిక్ ఆసిడ్ పేరుకుని ఉంది. కారణం డైక్లోఫెనాక్ అని 2004లో తేలింది. మనం నడుం నొప్పికి మింగే మందే అది. పశువుకు ఆ సూది వేశాక ఒకటి రెండు రోజుల్లో అది చస్తే, మాంసంలో మందు ఉంటుంది. ఒక్కో కళేబరం మీద పదుల కొద్దీ రాబందులు వాలతాయి కాబట్టి, నూటికి ఒక్క కళేబరంలో కూడా మందు ఉండక్కర్లేదు, ఈ నాశనానికి. పైగా ఏడాదికి ఒకటే గుడ్డు పెట్టే పక్షి.

2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. ఆ తర్వాత చావులు నెమ్మదించాయి. మరి టవర్లు? అప్పటినుంచి ఎన్ని పెరిగాయో డాబా ఎక్కి లెక్కపెట్టండి. టవర్లు పెరిగిన కొద్దీ చావులు తగ్గాయంటే రేడియేషన్ రాబందులకు టానిక్ అనుకోవాలి.

నవ్వి వదిలేసేవాణ్ణే. కానీ టవర్‌ని తిట్టుకుంటూ కూర్చుంటే సూది సంగతి ఎవరూ అడగరు. నిషేధం వచ్చాక కూడా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు కొని పశువులకు వేశారు. 2015లో సీసా 3 మిల్లీలీటర్లు దాటకూడదని మళ్లీ ఆర్డరు ఇవ్వాల్సి వచ్చింది. రాబందులు పోయాక కళేబరాలు కుక్కల పాలయ్యాయి, నీళ్లలో కుళ్లాయి. 2000 నుంచి 2005 వరకు దాని వల్ల దేశంలో సుమారు ఐదు లక్షల మంది అదనంగా చనిపోయారని 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. ఇక్కడ మాత్రం లాభనష్టాల లెక్క కావాలన్నా ఉంది.

బాబాయ్, నీ గేదెకి నొప్పి సూది వేయించినప్పుడు సీసా మీద పేరు చూడు. మెలాక్సికామ్ అయితే పర్లేదు. డైక్లోఫెనాక్ అయినా, 2023లో పశువులకు నిషేధించిన ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ అయినా ఫోటో తీసి పంపు. దాన్ని అన్ని గ్రూపుల్లోనూ నేనే ఫార్వర్డ్ చేస్తాను.