నానో యూరియా సీసా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నానో యూరియా సీసా గారికి,

ఒక వరి రైతు నమస్కరించి వ్రాయునది.

తమరు ఆకుల మీద పిచికారీ చేసే ద్రవ ఎరువు, అర లీటరు. తమరి అన్నగారు యూరియా బస్తా 45 కిలోలు. 2021లో తమరిని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకి తెచ్చి, ఒక్క సీసా ఒక బస్తాకి సమానమని చాటింపు వేశారు. మరుసటి ఏడు మే నెలలో గుజరాత్‌లోని కలోల్‌లో మీ ఫ్యాక్టరీని సాక్షాత్తూ ప్రధానమంత్రే ప్రారంభించారు. పుట్టిన ఏడాదికే ఇంత వైభోగం! మా చెరువు తూము రిపేరుకి ఇంకా ఎస్టిమేటే కాలేదు.

మా వాళ్లకో పాడు అలవాటుంది, ఏదైనా చేతికొస్తే తూచి చూస్తారు. పైరుకి కావలసిన నత్రజని బస్తాలో 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. మీరు మొదట వచ్చినప్పుడు మీలో ఉన్నది 4 శాతం, అంటే సీసా మొత్తానికి 20 గ్రాములు. కిలోలకీ గ్రాములకీ పట్టింపు ఎందుకు లెండి, రెండింటి ముందూ 20 ఉంది కదా!

బస్తాని వెనకేసుకు రావడం లేదు. చల్లిన యూరియాలో సగానికి పైగా గాలికీ నీళ్లకీ పోతుందని మాకూ తెలుసు. పక్కవాడి చేను పచ్చగా కనిపిస్తే ఇంకో అరబస్తా విసిరే జబ్బు మాలో ఉన్నమాటా నిజమే. పోనీ, మూడింట ఒక వంతే పైరుకి అందిందనుకుందాం. అయినా ఆరు కిలోలు దాటుతుంది. మీ నలకలు ఎంత సూక్ష్మమైనా, ఒక్క చుక్క వృథా కాకుండా ఆకులోకి దూరినా, ఆ 20 గ్రాములు 21 కావు. తర్వాత మిమ్మల్ని 'ప్లస్' చేసి 20 శాతానికి పెంచారు. పాత సీసాయే బస్తాకి సమానమైతే, ఆ లెక్కన ఈ కొత్తది ఐదు బస్తాలకి సమానం కావాలి. అలా ఎవరైనా అన్నట్టు నా చెవిన పడలేదు. అంటే మొదటి లెక్క తప్పా, రెండోదా?

లూధియానాలో పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు మిమ్మల్ని రెండేళ్లు పొలంలో పరీక్షించారు. మామూలు ఎరువు వేసిన మడితో పోలిస్తే వరి దిగుబడి 13 శాతం, గోధుమ 21.6 శాతం తగ్గిందని తేల్చారు. మిమ్మల్ని తయారుచేసినవాళ్లేమో 11,000 చేలల్లో చూశామనీ, దిగుబడి పెరిగిందనీ అంటారు. ఈ రెంటిలో ఏది నిజమో తేలేదాకా ఆగొచ్చు కదా అనుకుంటాం. ఆగలేదు. తేల్చే పని మాకే అప్పగించారు, పరీక్ష ఫీజు కూడా మా దగ్గరే తీసుకుంటూ.

ఆ ఫీజు ఎలా కడుతున్నామో వినండి. బస్తా 266 రూపాయల 50 పైసలు. దాని అసలు ఖర్చులో సింహభాగం సర్కారు సబ్సిడీగా మోస్తుంది. మీరు 225, సబ్సిడీ ఏమీ లేదు. కాబట్టి మీరు ఎంత అమ్ముడుపోతే ఢిల్లీ ఖజానాకి అంత ఊరట. మీ మీద అక్కడున్న ప్రేమలో ఇదెంతో, సైన్సు ఎంతో నాకు అనుమానమే. డీలరు దగ్గర బస్తా అడిగితే, "సీసా తీసుకుంటేనే బస్తా" అంటాడు. దీన్ని మేం లింకు అంటాం. ఇలా ముడిపెట్టి అమ్మితే చర్యలు తీసుకోమని 2025 జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రే ముఖ్యమంత్రులకి లేఖ రాశారు. ఆ మరుసటి నెల తెలంగాణలో యూరియా కోసం లైన్లలో మనుషులకి బదులు చెప్పులూ పాస్‌బుక్కులూ నిలబడ్డాయి. మీకోసం మాత్రం ఒక్క చెప్పు కూడా లైన్లో కనిపించలేదు. బాధపడకండి.

ఇక వాడకం. బస్తా అయితే గంపలో పోసుకుని, ఎకరం మడిలో తిరుగుతూ చల్లేసి ఇంటికొస్తాం. మిమ్మల్ని లీటరు నీళ్లకి నాలుగు మిల్లీలీటర్లు కలపాలి. ఎకరానికి 125 లీటర్లు. పదహారు లీటర్ల ట్యాంకు వీపున వేసుకుని, మోకాలి లోతు బురదలో ఎనిమిది సార్లు. కూలి ఎవరిస్తారని అడిగితే డ్రోన్ చూపిస్తారు. 15,000 మహిళా సంఘాలకి డ్రోన్లని 1,261 కోట్లతో పథకం పెట్టారు. బాగుంది. మా ఊరికి డ్రోన్ వచ్చేదాకా పైరు పెరగకుండా ఆగుతుందేమో కనుక్కోవాలి.

2020లో నానో ఎరువులకీ పురుగుమందులకీ ఆహారానికీ కలిపి కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. భద్రత చూడాలి, పనితనం చూడాలి అని అందులో ఉంది. దిగుబడి తగ్గితే కౌలురైతు ఎవరి గుమ్మం ఎక్కాలో మాత్రం ఎవరూ చెప్పరు. తగ్గితే వాన మీద తోస్తారు, లేదా మేం పిచికారీ సరిగ్గా చేయలేదంటారు.

అందుకని ఒక మనవి. 'ఒక సీసా, ఒక బస్తా' అని రాసిన పెద్దలెవరైనా మా ఊరు రండి. ఎకరం కౌలుకి ఇప్పిస్తాం. పైపాటుకి, అంటే నాటాక వేసే ఎరువుకి, బస్తా ముట్టకుండా సీసాతోనే పండించి చూపించండి, కోతకి మేమే వస్తాం. కౌలు మాత్రం ముందే కట్టాలి, ఇక్కడ అదే పద్ధతి.

ఇట్లు,
అటక మీద మిమ్మల్ని మూత తీయకుండా దాచుకున్న
మీ లింకు కొనుగోలుదారు