పరుగు వాళ్లది, పద్దు ఎవరిది?

బెంగళూరు కాలేజీల్లో తెలుగు పిల్లలు లేని హాస్టల్ ఉండదు, ఆటల జట్లూ అంతే. సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ కబడ్డీకో వాలీబాల్‌కో వెళ్లి చూడండి, జెర్సీ మీద కర్ణాటక యూనివర్సిటీ పేరుంటుంది, పక్కనుంచి కేకలు మాత్రం అచ్చ తెలుగులో వినిపిస్తాయి. జోన్‌లో మొదటి నాలుగు జట్లలో నిలిస్తేనే ఆల్ ఇండియా పోటీలకి, అక్కడ గట్టిగా ఆడితేనే కేంద్రం జరిపే ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌కి. పిల్లలు ఇంత దూరం వస్తారు సరే, వాళ్లు చేసింది లెక్కకెక్కే ఏర్పాటు మనం చేస్తున్నామా?

మన కర్ణాటకలోనే, మూడబిదిరెలో, 2020 జనవరిలో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. ఆల్ ఇండియా అంతర్ విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్‌లో విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున, 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో ముగించింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38, అనురాధా బిస్వాల్ 2002లో పెట్టింది. పద్దెనిమిదేళ్ల రికార్డును అంత తేడాతో దాటితే దేశమంతా మాట్లాడుకోవాలి కదా, కానీ అది రికార్డే కాలేదు. అక్కడ నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధీ లేరు. చివరికి 2022 మేలో సైప్రస్ వెళ్లి 13.23లో పరుగెత్తితే అప్పుడు రికార్డు ఆమె పేరు మీదికొచ్చింది, అంటే అంతకు రెండేళ్ల ముందు ఇక్కడ తీసిన పరుగు కన్నా నెమ్మదైన టైమ్‌కి!

సైప్రస్ పరుగుకి నెల ముందు కోళికోడ్‌లో ఆమె 13.09 చేసినా వెనకనుంచి తోసే గాలి సెకనుకు 2.1 మీటర్లుందని ఒప్పుకోలేదు, పరిమితి 2.0. అది దురదృష్టం, గాలిని ఎవరూ ఆపలేరు. మూడబిదిరెలో అడ్డుపడింది మాత్రం గాలి కాదు, మనుషులు చేయాల్సిన ఏర్పాటు.

హంగులకైతే మనకేం లోటు లేదు. 2022 ఏప్రిల్‌లో బెంగళూరు కంఠీరవ స్టేడియంలో ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌ను అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించారు, ఆతిథ్యమిచ్చిన జైన్ యూనివర్సిటీ 20 బంగారు పతకాలతో విజేతగా నిలిచింది, బాగుంది. అవి ఏడాదికి ఒకసారి వచ్చే పోటీలు. మిగతా రోజుల్లో, ఇంటర్ కాలేజియేట్ మీట్లలో, చాలాచోట్ల ఇంకా చేతి స్టాప్‌వాచే, మనిషి వేలు కదిలే లోపే సెకనులో కాస్త ముక్క పోతుంది. ఆ టైమ్ పట్టుకుని ఏ సెలక్షన్‌కి వెళ్తారు?

ప్రతి చిన్న మీట్‌కీ నాడా రాలేదు, అది మాకూ తెలుసు. కనీసం ఆల్ ఇండియా అథ్లెటిక్స్‌కైనా సమాఖ్య ప్రతినిధి, ఎలక్ట్రానిక్ టైమింగ్, గాలి కొలిచే పరికరం, డోప్ పరీక్ష ఖాయమయ్యాకే ఆతిథ్యం ఖరారు చేయాలి. దీనికి ఖర్చవుతుందనే వైస్ ఛాన్సలర్లు ప్రారంభోత్సవం ఫ్లెక్సీలకీ డ్రోన్ కెమెరాలకీ ఎంత పోస్తున్నారో ఒకసారి బిల్లులు తీసి చూసుకుంటే మంచిది.

జ్యోతి ఆ తర్వాత 2023లో చెంగ్దూలో, ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో, 12.78తో కాంస్యం గెలిచింది, ఆ టైమ్ కొత్త జాతీయ రికార్డు కూడా. చైనాలో జరిగిన పోటీలో లెక్కకెక్కింది. ఈసారి బెంగళూరు చుట్టుపక్కల ఏ యూనివర్సిటీ ఆతిథ్యానికి ముందుకొచ్చినా, ముఖ్య అతిథి ఎవరో చెప్పే ముందు సాంకేతిక ప్రతినిధి ఎవరో చెప్పమని మేం అడుగుతాం, జవాబు రాకపోతే ఆ సంగతీ అచ్చేస్తాం.