మన రాక్షసుడికి పులి తల ఎవరు పెట్టారు?

ఆదివారం రాత్రి పదకొండు దాటింది. ఐదుగురం బల్ల చుట్టూ కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం, తలా ఒక పాత్ర పట్టుకుని పాచికలు విసురుతూ కథ నడిపే ఆట. ఆట నడిపే డీఎం ఒక బొమ్మ తీసి మధ్యలో పెట్టి "రాక్షస" అన్నాడు, ఇంగ్లిష్ యాసలో, చివర 'డు' లేకుండా. పులి తల, ఖరీదైన కోటు, రెండు చేతులూ తిరగబడి అరచేతులు వెనక్కి ఉన్నాయి. ఆటకి కొత్తగా వచ్చిన మా పిన్ని కొడుకు దాన్ని కాసేపు తిప్పి చూసి, "అన్నా, మరి వీడు అన్నం ఎలా కలుపుకుంటాడు?" అన్నాడు. అందరం పడీ పడీ నవ్వాం గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ రాక్షసుడు ఎక్కడివాడు? మన పేరు పెట్టుకుని మన పోలిక ఒక్కటీ లేకుండా ఎలా తయారయ్యాడు?

ముందు ఈ ఆటలో చెడు ఎలా పనిచేస్తుందో కాస్త చెప్పాలి, ఎందుకంటే ఆ లెక్క నిజంగానే బాగుంటుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆట తెచ్చారు, 1976లో వచ్చిన ఒక అనుబంధ పుస్తకంతో డీమన్‌లు దిగాయి, 1977లో మాన్‌స్టర్ మాన్యువల్ అనే వింత జీవుల పుస్తకంతో డెవిల్‌లు వచ్చాయి. రెండింటినీ తెలుగులో చెప్పబోతే దెయ్యం, పిశాచం, సైతాను, రాక్షసుడు అంటూ తడుముకోవాలి, ఏదీ సరిగ్గా అతకదు. మా డీఎం మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశాడు: డీమన్ అంటే తాగొచ్చి షాపు అద్దాలు పగలగొట్టే రౌడీ, డెవిల్ అంటే నవ్వుతూ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టించుకునే కాల్‌మనీ వాడు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను. డీమన్‌లు అబిస్ అనే అంతులేని గోతిలో ఉంటాయి, వాటికి రూలు లేదు, మాట లేదు. డెవిల్‌లది తొమ్మిది అంతస్తుల నరకం, అడుగున వాటి రాజు అస్మోడియస్, కింది నుంచి పై వరకు హోదాలు, ప్రమోషన్లు, ఒకడి కుర్చీ కింద ఇంకొకడు పెట్టే మంట. అక్కడికి పోయిన ఆత్మ మొదట లెమ్యూర్ అనే కారిపోతున్న మైనం ముద్దలా పుడుతుంది, అక్కడి నుంచి సర్వీసు చేసుకుంటూ పైకి పాకాలి. ఈ రెండు వర్గాల మధ్య బ్లడ్ వార్ అని ఎప్పటికీ తెగని యుద్ధం. డీమన్‌ని బయట ఎక్కడ చంపినా అబిస్‌లో మళ్లీ లేస్తుంది, అసలు చావు సొంత ఊళ్లోనే.

బాల్డర్స్ గేట్ 3 ఆడినవాళ్లకి ఇదంతా తెలిసే ఉంటుంది. ఇదే ఆట లోకంలో నడిచే, 2023లో వచ్చిన ఆ వీడియో గేమ్‌లో రఫాయెల్ అనే డెవిల్ మొదటిసారి కనిపించినప్పుడు కత్తి దూయడు. విందు పరిచిన బల్ల దగ్గరికి తీసుకెళ్లి, నీ కష్టం నాకు తెలుసు అన్నట్టు మాట్లాడుతూ బేరం మొదలెడతాడు. నాకు ఏ డ్రాగన్‌ని చూసినా అంత భయం వేయలేదు.

1980లలో అమెరికాలో ఈ ఆట పిల్లల్ని సైతాను పూజలోకి దింపుతోందని పెద్ద గొడవ నడిచింది. కొడుకు ఆత్మహత్యకి ఈ ఆటే కారణమని నమ్మిన ప్యాట్రీషియా పుల్లింగ్ అనే తల్లి 1983లో దీనికి వ్యతిరేకంగా సంఘమే పెట్టింది. 1989లో రెండో ఎడిషన్ వచ్చేసరికి డీమన్, డెవిల్ అన్న మాటలే ఎత్తేశారు, తర్వాత తనారీ, బాటెజూ అని పేర్లు మార్చి అవే జీవులని వెనక గుమ్మం నుంచి లోపలికి తెచ్చారు. 2000లో మూడో ఎడిషన్‌తో పాత పేర్లు తిరిగొచ్చాయి. పేరు మారిస్తే పిశాచం పోతుందనుకోవడం మనకేం కొత్త కాదులెండి.

ఈ గొడవల మధ్యే, 1994లో ప్లేన్‌స్కేప్ అనే కొత్త ఆట లోకంలో టీఫ్లింగ్‌లు అనే జాతి పుట్టింది. ఎప్పుడో పూర్వీకుల్లో ఒకరికి నరకంతో సంబంధం, దాని గుర్తు మనవల ఒంటి మీద. ఒకరికి చిన్న కొమ్ము, ఒకరికి వింత కళ్లు, ఇంకొకరికి ఒంటి నుంచి గంధకం వాసన. 2008లో నాలుగో ఎడిషన్ వీళ్లని ఆటగాళ్లు పాత్రలు ఎంచుకునే ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లోకే ఎక్కించి అందరికీ ఒకే రకం కొమ్ములు, తోక తగిలించింది (ఇది నాకు నచ్చదు, పాత గజిబిజే బాగుండేది). అయినా అసలు విషయం నిలబడింది: టీఫ్లింగ్ చెడ్డవాడు కానక్కర్లేదు, ఊరు మాత్రం వాణ్ని చెడ్డవాడిగానే చూస్తుంది. బాల్డర్స్ గేట్‌లో కార్లాక్ అనే టీఫ్లింగ్‌కి గుండె ఉండాల్సిన చోట నరకంలో బిగించిన ఇంజను ఉంటుంది, కానీ ఆ కథలో అందరికంటే వెచ్చటి మనిషి ఆమే. 2024 రూల్‌బుక్ వచ్చేసరికి పాత్రల జాతికి వాడే 'రేస్' అన్న మాటే తీసేసి 'స్పీషీస్' అని పెట్టారు.

దీన్ని చాలామంది పొలిటికల్ కరెక్ట్‌నెస్ అని విసుక్కున్నారు. నేను ఒప్పుకోను. పుట్టుకతోనే చెడ్డవాళ్లు అనే రూలు కథల్లో చదవడం వేరు, దాని కింద బతకడం వేరు. 1871లో బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది, ఎరుకల వాళ్లలాంటి కులాలకి కులాలనే పుట్టు దొంగలుగా రాసేసింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా వెలిసిన సెటిల్‌మెంటే. చట్టం 1952లో పోయింది, ఊరి పేరు మీద పడ్డ మచ్చ మాత్రం సినిమాల దాకా వచ్చింది. పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీటులో జాతి పక్కనే 'చెడు' అని అచ్చు వేసి ఉంటే నాకు అదే గుర్తొస్తుంది.

మరి రాక్షసుడు? టీఫ్లింగ్‌కి దొరికిన ఈ విడుదల వాడికి దొరకలేదు. 1974 డిసెంబరులో అమెరికన్ టీవీలో కోల్‌చాక్ అనే హారర్ సీరియల్‌లో ఒక రాక్షసుడు వచ్చాడు. ఎదుటివాడు ఎవర్ని నమ్ముతాడో వాళ్ల రూపంలో దగ్గరికొచ్చి చంపుతాడు, మంత్రించిన క్రాస్‌బో బాణంతోనే చస్తాడు. సరిగ్గా ఏడాదికి, 1975 డిసెంబరులో, గైగాక్స్ కంపెనీ పత్రికలో ఈ ఆట రాక్షసుడు అచ్చయ్యాడు: అదే మాయ, అదే బాణం. 1977 మాన్యువల్‌లో బొమ్మ చూడాలి, పులి తల పెద్దమనిషి దర్జాగా కూర్చుని పైపు పట్టుకుని ఉంటాడు. అప్పటి నుంచీ అదే అచ్చు. 2014 ఎడిషన్‌లో 110 హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు తట్టుకుంటాడో ఆ లెక్క), ఆరో లెవెల్ దాకా మంత్రాలేవీ వాడు వద్దనుకుంటే తగలవు, చస్తే నరకానికి పోయి మళ్లీ పుడతాడు. అంటే మనవాణ్ని తీసుకెళ్లి అస్మోడియస్ ఇంట్లో అద్దెకి పెట్టారు.

మాయ రూపాల సంగతి పట్టుకున్నారు, కాదనను. రాక్షసులు కామరూపులే, మారీచుడు బంగారు లేడి అయ్యాడు. కానీ పట్టుకోనిది చూడండి. రామాయణం ఉత్తరకాండ ప్రకారం నీళ్లని కాపాడతాం అన్నవాళ్లు రాక్షసులయ్యారు, పూజిస్తాం అన్నవాళ్లు యక్షులయ్యారు. రక్షణ అన్న మాటలోంచే వాళ్ల పేరు. రావణుడు బ్రహ్మ మనవడైన విశ్రవసుడి కొడుకు, కుబేరుడికి తమ్ముడు. సుందరకాండలో హనుమంతుడు రాత్రిపూట లంక ఇళ్ల మీదుగా వెళ్తుంటే లోపల రాక్షసులు వేదం చదువుతున్న చప్పుడు వినిపిస్తుంది. వికారంగా ఉన్నవాళ్లూ కనిపిస్తారు, అందంగా మెరిసిపోయేవాళ్లూ కనిపిస్తారు. సీతకి కాపలా పెట్టిన ఆడవాళ్లలోనే త్రిజట ఉంది. విభీషణుడు ఆ ఇంటివాడే. ఇక ఘటోత్కచుడంటే మనకి భయమా? 1957 నుంచీ ఎస్వీ రంగారావు నవ్వే గుర్తొస్తుంది.

ఇదంతా విని మన పురాణాలు మహా ఉదారమైనవని అనుకోకండి. అడవుల్లో ఉండేవాళ్లని, ఎదురు తిరిగినవాళ్లని రాక్షసులన్న ఖాతాలో వేసిన కథలూ అందులోనే ఉన్నాయి. నేను అంటున్నది అంతకంటే చిన్న విషయం. డీమన్, డెవిల్ రెండూ చెడుతోనే తయారైన పదార్థాలు, వాటిని అలాగే ఉంచాలి, రాత్రి పదకొండుకి పాచికలు విసిరేవాడికి మనసులో గుచ్చుకోకుండా నరకడానికి ఏదో ఒకటి కావాలి కదా. రాక్షసుడు ఆ పదార్థం కాదు. వాడికి అమ్మ ఉంది, మేనమామ ఉన్నాడు, అన్నదమ్ముల మధ్య ఆస్తి తగాదా ఉంది (కుబేరుడిని అడగండి). వాడి చోటు మాన్‌స్టర్ మాన్యువల్ కాదు, టీఫ్లింగ్ పక్కన, ఆటగాడు ఎంచుకునే పేజీలో.

మా బల్ల దగ్గర ఆ మార్పు చేసేశాం. పిన్ని కొడుకు ఇప్పుడు రాక్షస పాలడిన్‌ని (ప్రమాణానికి కట్టుబడి పోరాడే యోధుణ్ని) తయారు చేస్తున్నాడు, నీళ్ల గుంట దగ్గర కాపలా అట వాడి ప్రమాణం. పులి తల ఉంచుకున్నాడు, స్టైల్‌గా ఉందని. చేతులు మాత్రం మామూలుగా పెట్టించుకున్నాడు, పులిహోర తినాలట.